పక్కసందు తలుపు

కౌన్సిల్ సమావేశం నాలుగున్నరకి. నేను టాలివర్ అంత్యక్రియల మందిరం ముందు కారాపేసరికి రెండూ పది అయింది.

ఈలోగా మా కింగ్స్‌లీ హిల్‌కి ఒక పోలింగ్ బూత్ దొరకాలి. దొరక్కపోతే పేటలోని ఆరువందల పన్నెండు మంది ఓటర్లనూ హైవే అవతలి లైబ్రరీ బూత్‌లో కలిపేస్తారు. అటు బస్సు లేదు. మా వాళ్ళలో సగం మంది అరవై దాటినవాళ్ళు. నవంబరు ఎన్నికకి అరవై రోజుల ముందే కౌన్సిల్ జాబితా ఖాయం చెయ్యాలి. ఆ గడువు ఇవాళ్టితో సరి.

నా పేరు ఒడెట్ ప్రూయిట్. సిటీ క్లర్కు ఆఫీసులో ఉద్యోగం. బూత్‌కి పనికొచ్చే భవనాలను కొలవడం నా పని. పుట్టి పెరిగింది ఈ పేటలోనే. మేము నలభై ఏళ్ళు ఓట్లు వేసిన చర్చి పైకప్పు ఆగస్టులో కుంగింది. అప్పటినుంచీ టేపు పట్టుకుని తిరుగుతున్నాను. మంగలి షాపు తలుపు ఇరవై తొమ్మిది అంగుళాలు, ఉండాల్సింది ముప్పై రెండు. లాండ్రీకి రెండు మెట్లున్నాయి, ర్యాంపు వేసే చోటు లేదు. చక్రాల కుర్చీ వెళ్ళలేని చోటు జాబితాకెక్కదు.

టాలివర్స్‌ని మే నెలలో ఊరంతటికీ మామూలుగా చేసే సర్వేలోనే కొట్టేశాను. ఒకే తలుపు, ఐదు మెట్లు. తాత్కాలిక ర్యాంపు ఏమైనా పడుతుందేమోనన్న ఆశతో మళ్ళీ వచ్చాను.

యజమానురాలు వర్నీస్ టాలివర్ నల్లసూటులో పైమెట్టు మీద నిలబడి ఉంది. కింద కాలిబాట మీద చక్రాల కుర్చీలో లవెల్ బాయ్‌కిన్. కార్ల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయిన మనిషి, ఎనభై తొమ్మిదేళ్ళు. ముప్పై ఏళ్ళుగా మా బూత్‌లో మొదటి ఓటు ఆయనదే.

"మళ్ళీ కొలిస్తే మెట్లు కరిగిపోతాయా అమ్మాయ్?" అన్నాడు.

"మీరు కాస్త ఊరుకోండి మిస్టర్ బాయ్‌కిన్."

కొలిచాను. ఆ ఎత్తుకి ర్యాంపు వేస్తే వీధి మధ్యదాకా వస్తుంది. టేపు చుట్టేశాను.

"ఇంకో తలుపు లేదు కదా, మిస్ వర్నీస్?"

"లేదు."

బాయ్‌కిన్ పకపకా నవ్వాడు. "లేదట! మరి మా ఆవిడ ఎటునుంచి వెళ్ళింది వర్నీస్? కిటికీలోంచా?"

అప్పుడు గుర్తొచ్చింది. పక్కసందులో శవపేటికలు వెళ్ళే తలుపు! చిన్నప్పటినుంచీ ఆ సందు దాటేటప్పుడు తల తిప్పుకునే అలవాటు మా పేటలో అందరికీ ఉంది. మా అమ్మ నా గడ్డం పట్టుకుని మరీ తిప్పేది. మేలో సర్వే కాగితం మీద 'తలుపులు: ఒకటి' అని రాసిన చెయ్యి ఆ అలవాటుదే. వేరే పేటవాడెవడైనా అయితే రెండని రాసి ఉండేవాడు.

"ఆ తలుపు సంగతి ఎత్తొద్దు," అంది వర్నీస్. "బతికున్నవాళ్ళు అటు నుంచి లోపలికి రాకూడదు. మా నాన్న పెట్టిన నియమం. పనివాళ్ళు తప్ప ఎవరూ ఇంతవరకు రాలేదు."

"మీ నాన్నా?" బాయ్‌కిన్ కుర్చీని మెట్ల దగ్గరికి తోసుకున్నాడు. "అలబామాలో నల్లవాళ్ళమని మా అమ్మని యాభై ఏళ్ళొచ్చేదాకా ఓటు వెయ్యనివ్వలేదు. ఇక్కడికొచ్చాక మొదటి ఎన్నికనాడు మంచు. కార్లు కదల్లేదు. మీ నాన్న ఏం బండిలో తీసుకెళ్ళాడో తెలుసా?"

వర్నీస్ తల అడ్డంగా ఊపింది.

"శవాల బండిలో! ఆ రోజు పద్నాలుగు సార్లు తిప్పాడు. అందర్నీ కూర్చోబెట్టే తీసుకెళ్ళాడులే, పడుకోబెట్టలేదు. ఓటు దగ్గర ఆయనకి నియమాలేం గుర్తురాలేదు మరి."

వర్నీస్ కోటు జేబులోంచి తాళాలగుత్తి తీసి మెట్లు దిగింది.

సందులో సిమెంటు వాలు మీద రసమట్టం పెట్టి ఏటవాలు ఎంతో చూశాను. పద్నాలుగు అడుగులకి ఒక అడుగు ఎత్తు. నిబంధన ప్రకారం పన్నెండుకి ఒకటి ఉన్నా చాలు. తలుపు నలభై ఎనిమిది అంగుళాలు. గడప లేదు. చక్రాల మీద పేటిక కుదుపు లేకుండా వెళ్ళాలని కట్టిన దారి అది. ఊళ్ళో నేను కొలిచిన ఏ బూత్‌కీ ఇంత మంచి దారి లేదు.

కొలతలన్నీ ఫారంలో నింపేసరికి మూడూ నలభై. డిప్యూటీ క్లర్కు జెరోమ్‌కి ఫోన్ చేశాను.

"ఒకటే తలుపని నువ్వే రాశావుగా ఒడెట్? కౌన్సిల్ అడిగితే ఏం చెప్పను?"

"నేనే తప్పు రాశానని చెప్పు. కాదు, నేనే వచ్చి చెబుతాను."

చెప్పాను. అందరి ముందు, మైకులో. ఎందుకు తప్పు రాశానో కూడా చెప్పాను. ఒకరిద్దరు నవ్వారు. మా వార్డు సభ్యురాలు మాత్రం నవ్వలేదు. ఆవిడా చిన్నప్పుడు ఆ సందు దగ్గర తల తిప్పుకున్నదే. జాబితాలో కింగ్స్‌లీ హిల్ ఎదుట లైబ్రరీ పేరు కొట్టేసి టాలివర్స్ అని రాశారు. తొమ్మిదికి తొమ్మిది ఓట్లూ పడ్డాయి.

నవంబరులో ఆ మంగళవారం ఏడింటికి సందు నిండా జనం. వర్నీస్ తలుపు రెక్కలు రెండూ బార్లా తీసి పక్కన నిలబడింది. జనంలో ఎవరూ కదల్లేదు. బాయ్‌కిన్ టోపీ సర్దుకుని వాలు మీదకి తనే తోసుకుంటూ లోపలికి వెళ్ళాడు. ఓటు యంత్రం తెర మీద 'ఒకటి' అని పడింది.

ఆరు నిమిషాలకి అదే దారిన బయటికొచ్చాడు.

"చూడు వర్నీస్," అన్నాడు సందంతా వినబడేలా. "ఈ తలుపులోంచి లోపలికెళ్ళి, కబుర్లు చెబుతూ బయటికొచ్చినవాళ్ళలో మొదటివాణ్ణి నేనే."

సందంతా గొల్లున నవ్వింది. ముందువైపు మెట్ల దారి కూడా తెరిచే ఉంది. కాళ్ళూ చేతులూ బాగున్నవాళ్ళు సైతం అటు వెళ్ళలేదు. ఒకరి వెనక ఒకరుగా, తలెత్తుకుని, ఆయన వెళ్ళిన దారినే వెళ్ళారు.

సాయంత్రానికి యంత్రం అంకె ఐదువందల నలభై ఒకటి. మా వార్డులో ఇంకే బూత్‌లోనూ అన్ని ఓట్లు పడలేదు.