ఇంటి రక్తం

"ఆ ల్యాబులో మందుల వాసనలు పీల్చి పీల్చి కడుపులోనే బిడ్డను చెడగొట్నావు మే నువ్వు," అని కృష్ణవేణమ్మ అనని రోజు లేదు. ఆ మాట వినకుండా నాగజ్యోతి పొయ్యి వెలిగించిన రోజూ లేదు. అన్నం మెత్తగా పిసికి, పప్పునీళ్ళు కలిపి, వడగట్టి, భూపేష్ తలను ఎడమ మోచేతిలో పెట్టుకుని, గడ్డం కొంచెం కిందికి వంచి, గొంతు నిమురుతూ చెంచా చెంచా తాపాలి. వాడికి తొమ్మిదేళ్ళు. ముందు చూపు మందగించింది, తర్వాత నడక పోయింది, ఆ తర్వాత మాట. 'అమ్మా' అన్నది అన్నిటికంటే చివర పోయింది. ఒక్క చెంచా గొంతు దిగడానికి ఎంతసేపు పడుతుందో ఆ ఇంట్లో ఇంకెవరికీ తెలియదు. తినిపిస్తే కదా తెలిసేది!

కృష్ణవేణమ్మ ఆమెకు అత్త. అంతకుముందు అవ్వ, కన్నతల్లి రమణికి తల్లి. మేనరికం మరి. రమణి తన తమ్ముడు రాజశేఖర్‌కే పెద్దకూతుర్ని ఇచ్చింది. బద్వేలులో పుట్టిన పిల్ల కర్నూలు పక్కన కల్లూరుకు కాపురానికి వచ్చింది. సొంత అవ్వే అత్తయితే ఇంకేం కావాలి, పిల్ల అదృష్టవంతురాలు అని చుట్టాలందరూ మురిసిపోయారు. ఏం అదృష్టమో! బయటి అత్త ఒక మాటంటే కోడలు అలిగి పుట్టింటికి పోతుంది. ఈమె ఎక్కడికి పోతుంది? పుట్టింటి తిట్టూ అత్తింటి తిట్టూ ఒకే నోట్లోంచి వస్తాయాయె.

ఆమె పనిచేసేది కర్నూలులో ఒక పరిశోధనశాలలో. మొదట్లో వేరే పని చూసేది. కొడుకు చూపు పోయాక పట్టుబట్టి ఈ జబ్బు వెంట పడింది. పిల్లల మెదడును మెల్లమెల్లగా తినేసే అరుదైన జబ్బు. ప్రతి కణంలోనూ చెత్తను కరిగించి శుభ్రం చేసే చిన్న చిన్న సంచులుంటాయి. ఒక జన్యువులో ఒక్క అక్షరం తప్పు పడితే ఆ శుభ్రం చేసే పని ఆగిపోతుంది. చెత్త పేరుకుపోయి కణం చచ్చిపోతుంది. పని జరిగినన్నాళ్ళూ ఆ సంచులనేవి ఉన్నాయన్న ధ్యాస కూడా ఒంటికి ఉండదు. అది అర్థమైన రోజు నాగజ్యోతికి నవ్వొచ్చింది. పొద్దున్నే అంట్లు తోమి, అందరికీ వండిపెట్టి, కొడుకును కడిగి, షేర్ ఆటోలో వేలాడుతూ పనికొచ్చి, సాయంత్రం మళ్ళీ అంట్ల ముందు కూర్చునే మనిషికి ఆ సంచుల సంగతి ఇంకొకరు చెప్పాలా?

తప్పు అక్షరం తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండూ వస్తేనే జబ్బు. ఒక్కటే ఉన్నవాళ్ళకు ఏమీ కాదు, హాయిగా తిరుగుతుంటారు. కల్లూరులోనూ బద్వేలులోనూ ఇంటిల్లిపాదినీ బతిమాలి, సంతకాలు పెట్టించి, పరీక్షకు రక్తం తీయించింది. ఒకరిద్దరిలో కాదు, చాలామందిలో ఆ తప్పు అక్షరం జాడ దొరికింది. ఆరోజు ల్యాబు పెద్దాయన ఆమె భుజం తట్టి, "నీ అదృష్టం జ్యోతీ, ఇట్లాంటి కుటుంబం వెతికినా దొరకదు," అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె కూడా కొట్టింది. ఏం చేస్తుంది, కొట్టకపోతే ముఖం మాడ్చుకుందంటారు.

ఇంతలో ఇంట్లో పెండ్లి మాట పుట్టింది. రాజశేఖర్ తమ్ముడు ప్రవీణ్‌కు నాగజ్యోతి చెల్లెలు శిల్పను చేసుకోవాలని. మళ్ళీ అదే మేనరికం! శిల్ప ఏ ల్యాబుకూ పోలేదు కదా, ఆ పిల్లకు బంగారంలాంటి బిడ్డలు పుడతారని కృష్ణవేణమ్మ తేల్చేసింది. ఆ తప్పు అక్షరం ప్రవీణ్‌లో ఉంది. శిల్పలోనూ ఉంది.

"మామా, ఈ పెండ్లి వద్దు," అని మొగుడితో చెప్పింది. "ఇద్దరిలోనూ ఉండాది. పుట్టే ప్రతి బిడ్డకీ నాలుగో వంతు ముప్పు. ఇంకో భూపేష్ పుడితే ఏం చేస్తాం?"

రాజశేఖర్ ఫోన్లోంచి తలెత్తలేదు. "నీ బిడ్డ ఇట్లయినాడని నీ చెల్లెలు సుఖపడేది చూసి ఓర్చుకోలేకుండావు. ఆ చదువంతా నెత్తికెక్కింది నీకు."

నీ బిడ్డ! వాడు పుట్టిన రోజు వీధంతా స్వీట్లు పంచిందెవరు? అప్పుడు 'నా కొడుకు' అన్న నోరే ఇది. ఆ సంగతి చెబుదామని శిల్పకు ఫోన్ చేస్తే ప్రతిసారీ అమ్మే ఎత్తి, "పనిలో ఉండాది లేమ్మా," అని పెట్టేసేది.

తాంబూలాల రోజు రానే వచ్చింది. అందరికీ అనుకూలమని కల్లూరు ఇంట్లోనే పెట్టుకున్నారు. పొద్దున్నే కృష్ణవేణమ్మ హుకుం జారీచేసింది. "వాన్ని వెనకగదిలో పండబెట్టి గొళ్ళెం పెట్టు మే. నలుగురూ వస్తాండారు. శుభమా అని పిల్లకు చీర పెడతాంటే ఆ మూలుగులు యాడ వినేది!"

సొంత మనవడు. మునిమనవడు కూడా. ఆ రెండు వరసలూ కలిసినా ఆమె గుండెలో ఇంత తడి పుట్టించలేకపోయాయి.

నాగజ్యోతి వెనకగదిలో వాడికి నీళ్ళు తాపుతుంటే బద్వేలు నుంచి వచ్చిన రమణి లోపలికి వచ్చింది. వాడికి పొలమారింది. నాగజ్యోతి చెంచా కింద పెట్టేలోపే రమణి వాడిని అందుకుంది. తలను ఎడమ మోచేతిలోకి తీసుకుని, గడ్డం కిందికి వంచి, గొంతు నిమిరింది. వాడు ఊపిరి పీల్చుకున్నాడు.

నాగజ్యోతి తల్లి చెయ్యి వైపే చూస్తూ ఉండిపోయింది. ఆ పట్టు తనకు రావడానికి ఎన్ని నెలలు పట్టింది! వచ్చినప్పుడల్లా గడపలోంచే చూసి కళ్ళొత్తుకుని పోయే మనిషికి ఇదెట్లా వచ్చింది?

"అమ్మా, ఇట్ల పట్టుకోవాలని నీకెవరు చెప్పినారు?"

రమణి వాడిని ఒళ్ళో సర్దుకుంది. "ఇద్దరికి తినిపించినాను," అంది. "నా వెనక ఇద్దరు తమ్ముళ్ళు. చూపు పోయి, కాళ్ళు పడిపోయి... అమ్మ చేనికి పోతే నేనే చూసుకుంటాంటి. ఇద్దరూ పోయినాకనే మీ మామ పుట్టింది."

"అవ్వకు తెలుసా ఇది ఆ జబ్బేనని?"

"కన్నది తను. తెలియకుండా ఉంటాదా?"

"మరి తెలిసి తెలిసి నన్నెందుకు ఇచ్చినావమ్మా ఈ ఇంట్లోకి?"

"తెలిసే ఇచ్చినాను," అంది రమణి. "బయటోళ్ళకిచ్చి, నీకట్లాంటి బిడ్డ పుడితే వాళ్ళు నిన్ను తరిమేయరా? సొంత మేనమామైతే ఇడిచిపెట్టడు, గుట్టు ఇంట్లోనే ఉంటాదని మీ అవ్వే చెప్పింది. శిల్పకైనా అంతే."

ఇన్నేళ్ళూ నాగజ్యోతి సూక్ష్మదర్శినిలో కళ్ళు కాయలు కాచేలా వెతికిన సంగతి ఈ ఆడవాళ్ళకు ముందే తెలుసు. తెలిసి, దాన్ని దాచడానికి, అది పుట్టే దారిలోకే కూతుళ్ళను తోశారు. "బయటోళ్ళకిచ్చింటే వీడికి ఏమీ కాకపోవును అమ్మా," అంది. అరవలేదు, ఏడవలేదు.

"తమలపాకులు కడిగి తే మే!" అని హాల్లోంచి కేక.

నాగజ్యోతి తల్లి ఒళ్ళోంచి కొడుకును ఎత్తుకుంది. హాల్లో శిల్ప పట్టుచీరలో తల వంచుకుని కూర్చుంది. కృష్ణవేణమ్మ చీర, పసుపు కుంకుమలున్న పళ్ళెం పట్టుకుని ఆ పిల్లవైపు వంగుతోంది. నాగజ్యోతి మధ్యలోకి వెళ్ళి భూపేష్‌ను చెల్లెలి ఒళ్ళో పెట్టింది. ఇది శిల్పను హింసించడమేనని ఆమెకు తెలుసు. తెలిసే పెట్టింది.

"తల కింద మోచెయ్యి పెట్టు. వెనక్కి వాలితే ఊపిరాడదు."

"నీకేమన్నా పిచ్చా!" రాజశేఖర్ లేచాడు.

"అమ్మ ఇద్దరు తమ్ముళ్ళను ఇట్లే మోసింది," అంది నాగజ్యోతి చెల్లెలితో. " నేను వీన్ని మోస్తాండా. ఆ జబ్బు గింజ నీలో ఉండాది, ప్రవీణ్ మామలో ఉండాది. అమ్మనడుగు, ఆడే నిలబడుకొని ఉండాది."

శిల్ప తల తిప్పి చూసింది. గుమ్మంలో రమణి చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కాదనలేదు.

"ఆ పిల్లోన్ని తీయ్ మే, అపశకునం!" అని కృష్ణవేణమ్మ అరిచింది. వాడి నోట్లోంచి చొంగ కారి పట్టుచీర మీద పడింది. శిల్ప చీర తుడుచుకోలేదు. వాడి మూతి తుడిచింది.

"ఎన్నాళ్ళు మొయ్యాల్నక్కా ఇట్ల?"

"వాడు పోయేదాకా," అంది నాగజ్యోతి.

శిల్ప ఇంకోసారి వాడి ముఖంలోకి చూసింది. తర్వాత తలెత్తింది.

"పళ్ళెం లోపల పెట్టుకో అవ్వా."