పూలతీగ కింద ఖాళీ గళ్ళు

"ఊరికే కూర్చునే ఉన్నావుగా, ఈ తువ్వాళ్ళు కాస్త మడత పెట్టు," అంటూ భర్త బట్టల బుట్ట తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టాడు.

ఊరికే కూర్చోవడమట! పొద్దున్నుంచీ ఆమె కంప్యూటర్లో రెండు వేల చిల్లర క్రాస్ స్టిచ్ కుట్లు ఒక్కొక్కటే సరిచూసింది. ఆయనగారి ఎంబ్రాయిడరీ మెషీన్ ముందుగదిలో దర్జాగా టకటకలాడుతుంది. అది ఏం కుట్టాలో చెప్పే డిజైన్ మాత్రం వంటింటి పక్క వెనకగదిలో, ఇస్త్రీ బల్ల మీది కంప్యూటర్లో పుడుతుంది. సొమ్మొకడిది, సోకొకడిది.

ఇప్పటి పని గ్రంథాలయంలో పిల్లల గది గోడకి. చిన్న ఇల్లు, దానికో కిటికీ, కిటికీ మీదికి పాకిన పూలతీగ. గీత గీసిస్తే లోపలంతా సాఫ్ట్‌వేరే ఇంటూ గుర్తులతో నింపేస్తుంది. నింపుతుంది, నిజమే, గుడ్డెద్దు చేలో పడ్డట్టు. ఆకు కొస దగ్గర గడి సగానికి తెగితే సగం కుట్టు వేసి ఊరుకుంటుంది. అంచులన్నీ నిండు గళ్ళలో పడేలా ఆమే సర్దాలి. తీగకీ కిటికీకీ గళ్ళు ఒకే వరసలో కలవాలి. ఏ ఒక్కటి వెంట్రుకంత జరిగినా కుట్టు మీద కుట్టు పడి, దారం ఉండకట్టి, సూది పుటుక్కుమంటుంది.

అమ్మ ఇవే కుట్లు దిండు గలీబుల మీద చేత్తో వేసేది. "పై గీతలన్నీ ఒకే వైపు వాలాలే పిల్లా, లేకపోతే గుడ్డ మొహం మాడ్చుకుంటుంది," అనేది. తువ్వాళ్ళు మడతపెడుతూనే మధ్యలో మౌస్ తిప్పి ఆమె తెర మీది బొమ్మని ఇంకా ఇంకా పెద్దది చేసింది. గడి కాస్తా గదంత అయింది. దారాల మధ్య నుంచి మెత్తటి ఎండ పడుతోంది. ఆమె లోపలికి వెళ్ళి కిటికీ దగ్గర కూర్చుంది. ఎదురుగా అమ్మ, పళ్ళతో దారం తెంపుతూ.

"ఏం చేస్తున్నావే?"

"ఊరికే కూర్చున్నానమ్మా."

"కూర్చో తల్లీ. ఎన్నాళ్ళయిందో."

"అమ్మాయ్, తువ్వాళ్ళయ్యాయా?" అత్తగారి కేకకి గది మళ్ళీ గడి అయిపోయింది. "కళ్ళు తెరుచుకుని నిద్రపోతుందిరా మీ ఆవిడ" అని అత్తగారు కొడుకుతో అంది, రోజూ అనే మాటే.

డిజైన్ అయిపోయింది, కింది మూల తప్ప. "కుట్టినవాళ్ళ పేరు ఇక్కడ ఉండాలండీ, పిల్లలు అడుగుతారు," అని గ్రంథాలయం మేడమ్ మొదటి రోజే చెప్పింది. ఆ మూలలో తన పేరు చూసుకోవాలని ఆమెకెంత ఆశో! ఒకసారి నోరు తెరిచి అడిగింది కూడా. "నీ పేరా? బటన్ నొక్కినందుకా?" అని భర్త పగలబడి నవ్వాడు.

తువ్వాళ్ళు బీరువాలో పెట్టి వచ్చేసరికి ఆమె కుర్చీలో ఆయన ఉన్నాడు. మూలలో ఆయన పేరే వేసుకుని, అది పొడుగైపోయి ఇరుకుగా ఉంటే, పూలతీగని కాస్త పైకి లాగాడు. కాస్తేగా! ఆమె నోరు విప్పేలోపే డిజైన్ని మెషీన్‌కి ఎక్కించేశాడు. మెషీన్ కుట్టడం చూద్దామని గ్రంథాలయం మేడమ్ అప్పుడే వచ్చి ముందుగదిలో కూర్చుంది.

తీగ కిటికీని తాకే చోట పుటుక్కున సూది విరిగింది. మార్చాడు. మళ్ళీ విరిగింది.

"ఏం చేశావే దీన్ని?" ఆయన గొంతు ఇల్లంతా వినిపించింది.

"డిజైన్ చేసింది ఈవిడా?" అంది మేడమ్, ఆమెని చూసి.

"అబ్బే, సాఫ్ట్‌వేరే వేసేస్తుందండీ. మా ఆవిడ ఊరికే అలా కూర్చుంటుంది," అని నవ్వి, ఆమె వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "వెళ్ళి సరిచెయ్యి."

అలవాటు కొద్దీ ఆమె కాళ్ళు వెనకగది వైపు తిరిగాయి. రెండడుగులు వేసి ఆగింది. వెనక్కి వచ్చి, మేడమ్ పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది.

"తీగని జరిపింది మీరు. మీరే నొక్కండి బటన్. నేను ఊరికే కూర్చుంటాను."

ఆయన విసురుగా లోపలికి వెళ్ళాడు. మౌస్ నొక్కుతున్న చప్పుడు చాలాసేపు వినిపించింది. "మెషీన్ ఆగిందేంరా?" అని అత్తగారు లోపల్నుంచి కేకేసింది. కిటికీలోంచి ఎండ ఆమె ఒళ్ళో పడింది, అచ్చం ఆ గడిలోలాగే. ఎంత హాయిగా ఉందో! చివరికి ఆయన గుమ్మంలోకి వచ్చాడు.

"కాస్త... నువ్వొచ్చి చూడు."

"చూస్తాను. మూలలో ఎవరి పేరు?"

మేడమ్ కలం మూత తీసింది.

"మీ పేరు చెప్పండమ్మా."

ఇంట్లో ఆమె 'ఏమే', 'అమ్మాయ్', 'మా ఆవిడ'. తన పేరు తన నోట విని ఎన్నేళ్ళయిందో. చెప్పింది, వెనకగది దాకా వినిపించేలా. ఆ తర్వాత దానికి ఎన్ని గళ్ళు పడతాయో వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. తీగని ఒక్క గడి కూడా జరపక్కర్లేదు.