తొమ్మిది రోజుల తిండి

నేను ఒక రోకలిని అంటే ఈ కాలం పిల్లలు నవ్వుతారు. మిక్సీలో అరనిమిషం పనికి ఇంత పొడుగు కర్ర దేనికని వాళ్ళ అనుమానం. నవ్వనివ్వండి. నేను నవ్వే జాతిని కాదు, ఏడ్చే జాతిని అసలే కాదు. దంచమంటే దంచుతాను. కింద ఉన్నది గింజా, వేలా అని నేను చూడను.

నా పుట్టుక చండ్ర చెట్టుది. అడవి అంచున రాళ్ళ మధ్య, నీటి చుక్క లేక, మేకలు కొరికి, ఎండకు మాడి పెరిగింది ఆ చెట్టు. "అందుకే కర్ర ఇనుములాగుంది" అని వడ్రంగి నన్ను చెక్కుతూ మెచ్చుకున్నాడు. తిండి లేకపోతే గట్టిపడటం కర్రకు చెల్లుతుంది. మనుషులు తమ ఆడపిల్లల విషయంలోనూ అదే నమ్ముతారని నాకు చాలాకాలం తర్వాత తెలిసింది. కమ్మరి నా కింది కొసకు ఇనుప పొన్ను కాల్చి తొడిగాడు. అలా తయారై, నాసరమ్మ అత్తగారి ఇంటికి చేరాను.

నాసరమ్మ ఆ ఇంటికి కోడలై వచ్చిన రోజుల్లో నాకు ఊపిరి తిప్పుకునే తీరిక ఉండేది కాదు. జొన్నలు, సజ్జలు, కొర్రలు, వరిగెలు, ఆరికలు అన్నీ నా కిందే నలిగాయి. వాళ్ళు కలవాళ్ళేమీ కారు. వరి బియ్యం కొనే స్తోమత లేక అవన్నీ తిన్నారు, తింటున్నందుకు లోలోపల సిగ్గుపడ్డారు కూడా. చుట్టం వస్తే సంగటి ముద్దను గంప కింద దాచేవాళ్ళు. ఆ తర్వాత కాలవ నీళ్ళొచ్చాయి. చేలన్నీ మిరప, పత్తి అయ్యాయి. వాటి వెనకాలే చౌక బియ్యమూ వచ్చాయి. మొదటిసారి నెల పొడుగునా తెల్లన్నం వండుకున్నప్పుడు నాసరమ్మ కంచం ముందు కూర్చుని, "ఇన్నాళ్ళకి మడుసుల్లో కలిసినాం" అంది. నిజంగానే కలిశారు. ఆ రోజు నుంచి వాళ్ళ కంచంలో రెండే రంగులు మిగిలాయి. అన్నం తెలుపు, పచ్చడి ఎరుపు.

నాకు పని తప్పింది. ఏడాదికోసారి కారం, ఎవరింట్లోనైనా ఆడపిల్ల పెద్దమనిషయితే చిమ్మిలి. నువ్వులూ బెల్లమూ కలిపి దంచిన చిమ్మిలిని మిక్సీలో వేయకూడదని ముసలివాళ్ళ పట్టు. నాలుగు వీధులకూ రోకలిని నేనొక్కదాన్నే. పిల్ల కూర్చున్న మూలకు అడ్డంగా, హద్దుగా పడుకోబెట్టేదీ నన్నే. అలా ఎన్నో మూలలు చూశాను.

నాసరమ్మ ముసలిదైంది. కొడుకు యలమంద, కోడలు గాలెమ్మ కూలి పనులకు పోయేవాళ్ళు. మనవడు టౌన్లో ఉండి చదువుకునేవాడు. మనవరాలు చెంచులక్ష్మి, అందరికీ చెంచు, పన్నెండేళ్ళది, పక్క ఊరి బడిలో ఏడో తరగతి. గాలెమ్మ ఐదు కోళ్ళను పెంచేది. గుడ్లు మాత్రం ఆ ఇంట్లో ఉడికేవి కావు. ఆదివారం మనవడు వస్తే ఒకటి, మిగతావి అంగడికి. ఒకసారి చెంచు గూటిలో వెచ్చటి గుడ్డు తీసి చేతిలో పట్టుకుని, "నాకో?" అని అడిగింది.

"నీకు బళ్ళో పెడతన్నారు గదే. మగపిల్లోడు, సదువుకునే బుర్ర, ఆడికి బలం గావాల" అంది జేజి నాసరమ్మ.

"నేనూ సదువుతన్నా గదా జేజీ."

"నీ సదువుకి పచ్చడి సాల్లే!"

ఆ మాటకు ఇంటిల్లిపాదీ నవ్వారు. చెంచు కూడా నవ్వింది. బడిలో పెట్టే గుడ్డును ఆ పిల్ల ఎలా తింటుందో నేస్తం ఒకర్తి మా అరుగు మీద చెప్పగా విన్నాను. ముందు తెల్లసొన తినేస్తుందట. పచ్చసొనను మజ్జిగ అన్నం అయిపోయేదాకా ఎడమ చేతిలో పట్టుకుని, చివరికి కొంచెం కొంచెంగా నాలుక మీద కరిగించుకుంటుందట. చదువూ బాగానే వచ్చేది. పదో తరగతి దాకా చదువుతానని జేజితో పందెం కూడా వేసింది.

అంతకు ముందు ఏడాది పక్కింటి కాశమ్మ పెద్దకూతురు మూల కూర్చున్నప్పుడు చెంచు గడప దగ్గర నిలబడి తొమ్మిది రోజులూ చూసింది. ఆ పిల్ల ముందున్న గిన్నెల్ని చూసింది. ఎవరో చిమ్మిలి ముక్క ఒకటి, బొటనవేలంత, చేతిలో పెడితే పరుగెత్తి ఇంటికొచ్చి నా పక్కనే కూర్చుని తింది.

ఇక ఆ రోజు సంగతి. బడికి సెలవు. పిల్లలంతా గుట్ట వైపు నాగజెముడు పండ్లకు పోయారు. ముళ్ళు దులుపుకుని, పగలదీసి తింటే నోరంతా ఎర్రబడే పండ్లవి. ఊరికే దొరికే తిండి. చెంచు తిన్నన్ని తిని, మిగిలినవి పావడాలో ఒడి కట్టుకుని వస్తూ బండ మీద జారి కూలబడింది. పండ్లన్నీ చితికి పావడా ముందూ వెనకా ఎర్రగా తడిసింది. ఇంట్లోకి అడుగు పెట్టేసరికి నాసరమ్మ ఎదురు వచ్చింది. ఆమె కళ్ళకు పొరలు, ముక్కు నిండా నశ్యం.

"ఒసే ఒసే, కదలబాక! ఆడ్నే నిలబడు! కాశమ్మా, ఓ కాశమ్మా, ఇట్టా రాయే! మా చెంచు పెద్దమనిషయిందే!"

"జేజీ, ఇదీ…"

"నోర్ముయ్! సిగ్గులేకుండా మాట్టాడబాక. కాశమ్మా, మీ ఇంట్లో నువ్వులుండాయంటే?"

నువ్వులన్న మాట చెవిన పడగానే ఆ పిల్ల తెరిచిన నోరు మూసుకుంది. నేను గోడకు ఆని అంతా చూస్తూనే ఉన్నాను. ఆమె అబద్ధమాడలేదు. నిజం చెప్పలేదు, అంతే. కాశమ్మ వచ్చి, మసక వెలుతురులో చూసీ చూడనట్టు చూసి, "బుగ్గలు చూడత్తా, ఎట్టా ఎర్రబడినయ్యో!" అంది. బుగ్గలదీ పండ్ల రసమే. పావడా మూటగట్టి చాకలికి వేశారు. సాయంత్రం చేలోంచి గాలెమ్మ వచ్చేసరికి వీధి వీధంతా ఆమెను నిలబెట్టి నవ్వుతూ కబురు చెప్పింది.

నన్ను కడిగి పసుపు రాశారు. ఐదుగురు ముత్తయిదువలు చేతులు మార్చుకుంటూ నువ్వులు దంచారు. తర్వాత తాటాకు చాప ముందు నన్ను అడ్డంగా పడుకోబెట్టారు. తొమ్మిది రోజులు ఆ పిల్లకూ లోకానికీ నడుమ నేనే.

ఆ తొమ్మిది రోజులూ ఆమె తిన్న తిండి నేను దగ్గరుండి చూశాను. పొద్దున్నే పచ్చి గుడ్డులో నువ్వుల నూనె కలిపి ఇస్తే ముక్కు మూసుకుని తాగింది. పెసరపప్పు పులగంలో నెయ్యి, ఎండుకొబ్బరి, బెల్లం, మునగాకు పప్పు. మేనమామ అరటిపండ్ల గెల, కోడిపుంజు తెచ్చాడు. ఏ చుట్టం వచ్చినా ఏదో ఒక గిన్నె తెచ్చి నా మీదుగా లోపలికి అందించేవాళ్ళు. "తినవే, నడుం గట్టిపడద్ది, రేపు పిల్లల్ని కనాలగదా" అని ఒకర్తి అంటే, "ఇప్పుడు తినకపోతే ఇంకెప్పుడు తింటావే" అని ఇంకొకర్తి. రెండో ఆమె అన్నదే నిజం. మొదటి రోజు చెంచు భయపడుతూ తింది. మూడో రోజుకు భయం పోయింది. ఐదో రోజు కడుపు మీద చెయ్యి వేసుకుని, వంట్లో ఇంత హాయి ఉంటుందా అన్నట్టు కాసేపు ఆశ్చర్యంగా కూర్చుంది.

ఆరో రోజు సర్వే చేసే అమ్మాయి ఒకర్తి వచ్చింది. పల్లెల్లో ఎదిగే పిల్లలు ఏమి తింటున్నారో రాసుకుపోవడం ఆమె పని. నాకు అటు వైపు పీట వేసుకుని ఫోన్ తెరిచింది.

"నిన్న పొద్దున లేచినకాడి నుంచి పడుకునేదాకా ఏమేం తిన్నావో చెప్పు చెల్లీ."

చెంచు చెప్పింది. అన్నం, గుడ్డు, పప్పు, నెయ్యి, కోడి కూర, మునగాకు, నువ్వులు, అరటిపండు, పాలు. ఆ అమ్మాయి వేలు ఆగకుండా నొక్కుతూనే ఉంది.

"అమ్మో, మా లిస్టులోని పది రకాల్లో తొమ్మిది! ఈ మండలంలో ఇట్లా తినే పిల్ల ఇప్పటిదాకా నాకు తగల్లేదు."

"మాయింట్లో తిండికి లోటు లేదమ్మా" అంది నాసరమ్మ, నశ్యం దట్టిస్తూ.

"రోజూ ఇట్లా ఉండదక్కా" అంది చెంచు నెమ్మదిగా.

"పర్లేదు చెల్లీ. నిన్న ఒక్కరోజుదే అడగమన్నారు." ఫోన్ మూసి, గాలెమ్మ ఇచ్చిన చిమ్మిలి ఉండ కొరుక్కుంటూ, బాగుందని మెచ్చుకుని, ఇంకో ఉండ కాగితంలో చుట్టించుకుని పోయింది. లోకానికి ఆకలి గురించి తెలిసేది ఇలాగే.

ఎనిమిదో రోజు మధ్యాహ్నం ముఠా మేస్త్రి వాకిట్లోకి వచ్చాడు. మిరపకాయ కోతలు మొదలవుతున్నాయి, ఇంటికి ఎందరు వస్తారని అడిగాడు.

"నేనూ, మా ఆయనా, చెంచూ" అంది గాలెమ్మ.

"బడికి పొయ్యే పిల్ల గదమ్మా?"

"పెద్దమనిషయిన పిల్లని పక్కూరికి ఒంటిగా నడిపిచ్చి ఎట్టా పంపుతాం మేస్త్రీ? కోతలకయితే నా కళ్ళ ముందుంటది."

మేస్త్రి పోయాక చెంచు నాకు ఇవతలి నుంచి పిలిచింది. "అమ్మా, ఇట్టా రా." గాలెమ్మ వచ్చి కూర్చుంది. జేజి అరుగు మీద కునుకుతోంది.

"అమ్మా, నేను పెద్దమనిషిని కాలా. అది జెముడుపండ్ల రసం."

గాలెమ్మ పిల్ల ముఖంలోకి చూసింది, తర్వాత ఖాళీ గిన్నెల వైపు చూసింది. ఆ తర్వాత నా మీదుగా చెయ్యి చాపి చెంప పగలగొట్టింది. ఎన్నో దెబ్బలు కొట్టినదాన్ని, నాకే ఆ శబ్దం కొత్తగా అనిపించింది.

"ఎందుకు చెప్పలా? మొదటి రోజే ఎందుకు చెప్పలా?"

"నువ్వులు దంచుతామన్నారు."

గాలెమ్మ నోట్లో కొంగు కుక్కుకుంది. ఏడుపు వచ్చిందో, నవ్వు వచ్చిందో నాకు తెలీదు. గొంతు బాగా తగ్గించి మాట్లాడింది.

"రేప్పొద్దున తొమ్మిదో నాటి స్నానం. ఊరంతా వస్తది. మీ మామ పట్టుపావడా తెస్తన్నాడు. ఇప్పుడు కాదంటే జనం నా మొహాన ఉమ్ముతారు. గాలెమ్మ కూతురు తిండి కోసం పెద్దమనిషయిందని పాటలు కడతారే! ఆ మాట ఇంకొకసారి నీ నోట్లోంచి వచ్చిందంటే ఈ రోకలితోనే కొట్టి చంపుతా."

"మరి బడి?"

"తిన్నావు గదా" అంది గాలెమ్మ.

మరుసటి రోజు స్నానం చేయించి, పట్టుపావడా కట్టి, చెంచును కుర్చీలో కూర్చోబెట్టి ఫోటోలు తీశారు. పదో రోజు పొద్దున మామూలు కంచం, మామూలు పచ్చడి. గుడ్డు ఊసెత్తితే, "పెద్దమనిషయిన పిల్లవి, గుడ్డు వేడి చేసిద్ది. తొమ్మిది రోజులు మేపాం, సాల్లే" అంది జేజి. బడిలో గుడ్ల లెక్క రాసే పుస్తకంలో చెంచులక్ష్మి పేరు పక్కన కొన్నాళ్ళు గైర్హాజరు పడింది, తర్వాత పేరే పోయింది. తొమ్మిది రోజుల తిండి కోసం మూడేళ్ళ గుడ్లు పోగొట్టుకున్న బేరం అది. దానికన్నా తెలివైన బేరం ఆ ఇంట్లో ఎవరూ చేయలేదులెండి. జొన్నలిచ్చి తెల్లన్నం కొనుక్కున్న ఇల్లు గదా.

రెండేళ్ళు గడిచాయి. చెంచు వేళ్ళకు మిరప మంట ఇంకిపోయింది. చేలో రెండుసార్లు కళ్ళు తిరిగి పడితే ముఖాన నీళ్ళు కొట్టి లేపారు. "ఎండ దెబ్బ" అన్నారు. పొడుగు పెరిగింది, లావు పెరగలేదు. "ఏందే, సమర్తాడి రెండేళ్ళయినా ఇంకా కట్టెపుల్లగానే ఉండావు?" అని ఆడవాళ్ళు ఎగతాళి చేస్తే గాలెమ్మ మాట మార్చేది. నెలకు మూడు రోజులు ముట్టు పేరు చెప్పి కూతుర్ని విడిగా కూర్చోబెట్టేది.

అప్పుడు కాశమ్మ చిన్నకూతురు పెద్దమనిషయింది. నిజంగానే అయింది. నన్ను తెమ్మని కబురు వచ్చింది. ముత్తయిదువలు తలా నాలుగు పోట్లు వేసి పేరుకు దంచి పక్కకు తప్పుకున్నారు. మిగతా నువ్వులు దంచడానికి మోటు చేతులు కావాలి కాబట్టి చెంచుకు అప్పజెప్పారు. ఆమె నన్ను ఎత్తి వేస్తోంది. సగం నువ్వులు నలిగాయి. ఉన్నట్టుండి ఆమె నన్ను పైకెత్తిన చోటే ఆపేసింది. నడుము పట్టుకుంది. దావణీ కొంగు లాగి చుట్టూ బిగించి కట్టుకుంది. ముఖం తెల్లబోయింది. ఆమె పట్టులో నాకు తెలిసింది ఏం జరిగిందో.

చెప్తే ఆ నువ్వులన్నీ మైలపడ్డాయని పారబోస్తారు. ఆ పిల్ల చిమ్మిలి పోతుంది. ఇదే మొదటిసారని చెప్తే, రెండేళ్ళ కిందట ఏమైందో కూడా చెప్పాలి. ఆమె పళ్ళు బిగించి మళ్ళీ నన్ను ఎత్తింది. చివరి గింజ దాకా దంచింది.

కాశమ్మ ఉండలు చుట్టి అందరికీ పంచింది. చెంచు చెయ్యి చాపింది.

"నీకెందుకే? నీకయిపోయింది గదా!" అంటూ కాశమ్మ నవ్వి, పళ్ళెం చిన్నపిల్లల వైపు జరిపింది.

చెంచు నవ్వలేదు. నన్ను తలకిందులు చేసి పెరట్లోకి తీసుకుపోయింది. పొన్నుకూ కర్రకూ మధ్య సందులో ఇరుక్కున్న నువ్వుల ముద్దను గోటితో గీకి నోట్లో పెట్టుకుంది. ఇంకా ఉందేమోనని నాలుకతో ఇనుమును చుట్టూ నాకింది. ఆ తర్వాత నన్ను భుజాన వేసుకుని దొడ్డి దారిన ఇంటికి బయల్దేరింది. ఆ నాలుగడుగుల దూరానికే మూడుసార్లు ఆగింది.

అరుగు మీద జేజి కూర్చుని ఉంది.

"ఎవురే, చెంచా? రోకలి కడిగి తెచ్చినావా?"

"కడిగినా."

"ముట్టయినోళ్ళెవురూ దాన్ని పట్టుకోలా గదా?"

"లేదు జేజీ" అంది చెంచు. నన్ను మూలకు ఆనించి, గోడ పట్టుకుని కాసేపు అలాగే నిలబడింది.