నా కడుపులో కొమురవ్వ

నేను ఒక ఇనుప రాక్షసుణ్ణి. చెత్తను నొక్కి మూటలు చేసే యంత్రాన్ని. గొప్పలు చెప్పుకుంటున్నానని అనుకోకండి గానీ, ఆకును అణిచి బొగ్గు చేయడానికి భూదేవికి కోట్ల ఏళ్లు పడితే, నా నొక్కుడు ఒక బీడీ కాలేలోపు అయిపోతుంది. మా బొగ్గుబావుల ఊళ్లో ఎవరినైనా అడగండి.

పుట్టింది ఏదో కార్ఖానాలో. మొదట కాగితం మిల్లు వాళ్లు కొన్నారు. మిల్లు మూతపడితే పాతసామాన్ల సేటు పాలయ్యాను. అక్కణ్ణుంచి ఈ పొడిచెత్త షెడ్డుకు వచ్చాను. మనుషులు తమాషా జీవులు. గుప్పెడు వస్తువును గంపెడు పెట్టెలో పెట్టించి కొంటారు, మర్నాడు ఆ పెట్టెను చిన్నది చేయమని నా దగ్గరకు తోలుతారు.

నన్ను నడిపేవాడు రాజలింగు. చెత్త ఏరి నా నోట్లో వేసేవాళ్లు కొమురవ్వ, సారక్క. మనుషులకూ నొక్కుడు తప్పదు సుమా! పొద్దంతా నిలబడితే వెన్నుపూసల మధ్య మెత్తలు అణిగి, సాయంత్రానికి ప్రతివాడూ పిసరంత పొట్టి అవుతాడు. పడుకుంటే మళ్లీ సాగుతాడు. కొమురవ్వ మాత్రం గంపలు మోసీ మోసీ, సాగడమే మరిచిపోయి, నాలో నిలబడితే తల నా అంచు దాటనంతగా కుంగిపోయింది.

ఒకనాడు రాజలింగు కట్టుతీగ తేవడానికి వెళ్లాడు.

"సారక్కా, గీ అట్టల్ల సగం గాలే ఉన్నదే. తొక్కితే ఇంకో గంప పడ్తది."

"వద్దే! అది పత్తి బోరెమనుకున్నవా?"

"తొక్కుడు తొక్కుడే గదనే. నువ్వు గంప తేపో."

పత్తి ఏరే కాలంలో బోరెపు సంచిలోకి దిగి పత్తి తొక్కిన కాళ్లు కొమురవ్వవి. పత్తి లక్ష్మి కనుక చెప్పులతో తొక్కరు. ఆ అలవాటు కొద్దీ చెప్పులు బయట విడిచి, స్టూలెక్కి నాలోకి దిగింది. మూలనున్న అట్టలు తొక్కుతుంటే పైనున్నవి ఆమె మీదికి జారాయి. సరిగ్గా అప్పుడే రాజలింగు వచ్చాడు. వాడికి అట్టలే కనపడ్డాయి. తలుపు బిగించి పచ్చ మీట నొక్కాడు.

నా నొక్కుడు పలక కిందికి దిగసాగింది. మోటారు రొదలో ఆమె కేక ఎవరికీ వినపడలేదు. నాకు వినపడింది. అట్టలు చిట్లడం నాకు కొత్త కాదు. వాటి మధ్య ఒక వీపు తగలడం కొత్త. ఇందాకటి నా గొప్ప ఏ గంగలో కలిసిందో చూడండి, నన్ను నేను ఆపుకోవడం కూడా నాకు రాదు. అసలు భూదేవితో నాకు పోటీ ఏమిటి? ఆమె నొక్కితే ఆకు బొగ్గవుతుంది. నేను నొక్కిన అట్ట, తీగ తెంపితే మళ్లీ విచ్చుకుంటుంది. మనిషి మాత్రం విచ్చుకోదు.

గంపతో వచ్చిన సారక్క నేల మీద చెప్పులు చూసింది.

"రాజలింగూ! కొమురవ్వ చెప్పులీడున్నయ్. కొమురవ్వేదిరా?"

వాడు ఎర్ర మీటను పిడికిలితో గుద్దాడు. పలక ఆగింది. పైకి లేపి అట్టలు లాగితే, మూలన మోకాళ్లలో తల దూర్చుకుని కొమురవ్వ. బతికే ఉంది.

"ఏం లింగా, పొట్టిదాన్ని ఇంకింత పొట్టి జేద్దామనుకున్నవా?" అంది. అందరూ పకపకా నవ్వారు.

ఆ మాటా, ఆ నవ్వులూ నేను కల్పించినవి. కడమదంతా నిజం. నవ్వు లేకుండా కథ ముగించడం నాకు చేతకాదు, ఏం చేయను? సారక్క నీళ్లు పట్టిస్తే, స్టీలు గ్లాసుకు కొమురవ్వ పళ్లు తగిలి టకటకమన్నాయి. మోటారు ఆగిపోయి ఉంది కదా, షెడ్డంతా ఆ చప్పుడే.