పొట్టి పన్ను ఉన్న ఎర్ర స్టాంపు

కె తింగ్‌ఫాంగ్ స్టాంపును తిరగేసి పట్టుకున్నాడు. ఏమీ అచ్చులేని వెనక వైపును భూతద్దం కింద పెట్టుకుని, ఒక కన్ను మూసి, తృప్తిగా తలాడించాడు.

"నూరేళ్ళు దాటినా ఎరుపు ఎంత బాగా నిలబడిందో!"

టీ పోయబోతున్న అతని భార్య సూయున్ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. స్టాంపు అమ్మడానికొచ్చి బల్లకు అవతల కూర్చున్న ఫాన్ జిలియాంగ్ కూడా అది చూశాడు. అతని కనుబొమలు పైకి లేచాయి. తర్వాత పెదవి చివర సన్నగా ఒక నవ్వు మొలిచింది.

అయిపోయింది, అనుకుంది సూయున్. ఈ ముసలి కోతి గుట్టు బయటపడిపోయింది.

తైపేలో పెద్ద పోస్టాఫీసు వెనక సందులో ఆ ఇరుకు దుకాణానికి బోర్డు కూడా సరిగ్గా లేదు. అవసరమూ లేదు. తింగ్‌ఫాంగ్ ఒక స్టాంపును చూసి 'అసలు' అన్నాడంటే ఆదివారం స్టాంపుల సంతలో ఇంకెవరూ దాన్ని రెండోసారి పరీక్షించరు. 'నకిలీ' అన్నాడంటే ఇంకెవరూ దాన్ని ముట్టుకోరు. ఆ మాట మీదే వాళ్ళ జీవితం గడిచింది.

అలాంటి మనిషికి చూపు మధ్యలోంచి పోతూ వచ్చింది. గది అంచులు తెలుస్తాయి, తలుపు తెలుస్తుంది. దేన్ని సూటిగా చూస్తే అదే మాయమవుతుంది. ఆ సంగతి భార్యకు తెలియదని అతని నమ్మకం. సూయున్‌కు ఏడాదిగా తెలుసు. తెలిసినట్టు ఒక్క మాట కూడా పొక్కనివ్వలేదు. కుర్చీలు జరపడం మానేసింది. కప్పు ఎప్పుడూ అతని కుడి చేతి పక్కనే పెడుతుంది, అడుగు బల్లకు తగిలిన చప్పుడు వినపడేలా. పేపర్లో వార్తలు తనలో తాను గొణుక్కుంటున్నట్టు పైకి చదువుతుంది.

సంతలో తెలిసిందంటే ఆ రోజుతో దుకాణం మూత. దుకాణం మూస్తే తింగ్‌ఫాంగ్ ఏమైపోతాడో ఆలోచించడానికి కూడా ఆమెకు భయం.

ఇక బల్ల మీదున్న స్టాంపు మామూలుది కాదు. చక్రవర్తుల కాలంలో సుంకం కోసం అచ్చువేసిన ఎర్ర బిళ్ళల మీద, తపాలాకు పనికొచ్చేలా నల్లక్షరాలు కొట్టించారు. అలాంటిదొకటి పడుచుతనంలో తింగ్‌ఫాంగ్ చేతికి చిక్కింది. అతను తనకోసం అట్టిపెట్టుకుందామనుకున్న స్టాంపు అదొక్కటే. అప్పట్లో సూయున్ బడిపిల్లల చొక్కాల మీద పేర్లు, నంబర్లు చేత్తో కుట్టేది. వేళ్ళు వాచిపోయేవి. ఒక రోజు తింగ్‌ఫాంగ్ కుట్టు మిషను మోయించుకొచ్చాడు. ఎర్ర స్టాంపు ఏదీ అని ఆమె అడిగితే, "ఫాన్ దగ్గరుంది. అక్కడే బాగుంటుందిలే" అన్నాడు. అంతే. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. కానీ స్నేహితుడు ముసలి ఫాన్‌ను కలిసినప్పుడల్లా, "మనవాడు ఎలా ఉన్నాడు?" అని స్టాంపు గురించే అడిగేవాడు.

నిరుడు ముసలి ఫాన్ పోయాడు. వారం కిందట అతని కొడుకు జిలియాంగ్ స్టాంపు అమ్ముతానని వచ్చాడు. బ్యాంకులో ఉన్నదంతా ఊడ్చి తెచ్చిన కవరు ఇప్పుడు సొరుగులో ఉంది.

"ఏం బాబాయ్ గారూ, ఎలా ఉంది సరుకు?" జిలియాంగ్ గొంతులో తేనె ఊరుతోంది.

తింగ్‌ఫాంగ్ బొటనవేలి గోరును స్టాంపు వెనక మెల్లగా నడిపించాడు. "అసలైనది. నల్లక్షరాలు సీసం అచ్చుతో గట్టిగా నొక్కి కొట్టారు. వెనక్కి ఉబ్బు తేలింది. ఈ కాలం యంత్రాలతో కొడితే ఇలా తేలదు. ఇక ధర సంగతి. అంచు రంపప్పళ్ళలో కుడి పై మూల పన్ను పొట్టి. నీకు తెలుసుగా? ఆ ఒక్క పన్నుకే నాలుగో వంతు తగ్గాలి."

"నాలుగో వంతా! పన్నుకా! నా పళ్ళన్నీ పీకించుకున్నా అంత ఖర్చు కాదు బాబాయ్."

"నీ పళ్ళు ఎవడు కొంటాడ్రా?" అంది సూయున్ కప్పులు సర్దుతూ. ముగ్గురూ నవ్వారు.

నవ్వు ఆగగానే జిలియాంగ్, "సరే. మీ మాటే కానివ్వండి" అన్నాడు.

వారం రోజులుగా పైసా దిగనివాడు ఒక్క మాటకే దిగిపోయాడు. సూయున్ కళ్ళు అతని చేతుల మీదికి వెళ్ళాయి.

"ఇలా ఇవ్వండి, కొత్త కవర్లో పెట్టి ఇస్తా. శుభమా అని కొంటున్నారు." జిలియాంగ్ స్టాంపు అందుకుని చేతిసంచి మూత ఎత్తాడు. ఆ మూత చాటున రెండు చేతులూ కాసేపు కనిపించలేదు. తర్వాత మైనపు కాగితపు కవరు ఒకటి బల్ల మీద పెట్టాడు. లోపల ఎర్రగా స్టాంపు మెరిసింది. "ఇక మీదే ఆలస్యం."

తింగ్‌ఫాంగ్ సొరుగు లాగాడు.

సూయున్ కళ్ళద్దాలు తీసింది. ఆమెవి సీసా అడుగులంత మందం అద్దాలు. అవి తీస్తే వీధి చివర ఏనుగు నిలబడ్డా కనపడదు గానీ, ముక్కు దగ్గరికి తెచ్చుకున్న వస్తువు మాత్రం దారప్పోగుతో సహా కనిపిస్తుంది. కప్పు పెట్టే నెపంతో కవరు మీదికి వంగింది.

స్టాంపు మీద గుండ్రంగా తపాలా ముద్ర ఉంది. నల్లక్షరం ఉంది. రెండూ ఒకచోట ఒకదాన్నొకటి దాటుతున్నాయి. బడి చొక్కాల మీద ఏ దారం ముందు పడింది, ఏది తర్వాత పడింది అన్నది జీవితమంతా చూసిన కళ్ళు ఆమెవి. ఇక్కడ ముద్ర కిందుంది. అక్షరం దాని మీదుగా పోయింది. అంటే ఉత్తరం ఊళ్ళు దాటి చేరిపోయాక, ఎప్పుడో, ఎవడో తీరిగ్గా కూర్చుని అక్షరాలు కొట్టాడన్నమాట.

ఇది ఇందాకటి స్టాంపు కాదు. సంచి మూత చాటున మార్చేశాడు.

అరవాలనిపించింది. అరిస్తే? కళ్ళెదుట మారుస్తున్నా ముసలాడు గుర్తుపట్టలేకపోయాడని మధ్యాహ్నానికల్లా సంతంతా పాకుతుంది. ఊరుకుంటే? ఉన్నదంతా ఊడ్చుకుపోతుంది. పైగా ఆ నకిలీని అతను గుండెల మీద పెట్టుకుని పడుకుంటాడు, అసలుదనుకుని. అది ఆమె భరించలేకపోయింది.

కవరు మీద అరచెయ్యి ఆనించింది.

"ఓయ్ ముసలి కోతీ! ఏళ్ళ తరబడి ఎదురుచూశావు. ఇంటికొచ్చినదాన్ని ఒక్కసారి చేత్తో పలకరించవా? డబ్బు ఎక్కడికి పారిపోతుంది?"

"ఇందాక చూశాగా."

"ఇందాక అది పరాయివాళ్ళ వస్తువు. ఇప్పుడు మనది. చూడు."

నలభై ఏళ్ళలో ఆమె స్టాంపుల మాట ఒక్కసారి కూడా ఇలా పట్టుబట్టి చెప్పలేదు. తింగ్‌ఫాంగ్ తల కొంచెం పక్కకు వాల్చాడు, చెవితో ఆమె మొహం చూస్తున్నట్టు. సొరుగు మూశాడు.

"ఎందుకు బాబాయ్ గారూ, మాటిమాటికీ తాకితే పాడవుతుంది…" జిలియాంగ్ చెయ్యి చాచాడు. సూయున్ ఆ చేతిలో వేడి టీకప్పు పెట్టింది. పాపం, పట్టుకోక తప్పలేదు.

తింగ్‌ఫాంగ్ పట్టకారు వాడలేదు. స్టాంపును అరచేతిలోకి జార్చుకుని, చూపుడువేలిని దాని పళ్ళ చుట్టూ మెల్లగా తిప్పాడు, పసిపిల్ల చెంప నిమిరినట్టు. వేలు కుడి పై మూలకు వచ్చి ఆగింది. వెనక్కి వెళ్ళి మళ్ళీ వచ్చింది.

"చిత్రంగా ఉందే జిలియాంగ్! విరిగిన పన్ను ఇంతలోనే మొలిచింది."

అతను స్టాంపును తిప్పి వెనక గోరు నడిపించాడు.

"వెనక ఉబ్బు కూడా లేదు. నున్నగా ఉంది."

జిలియాంగ్ కప్పు ఠక్కున పెట్టాడు. "మీరే చూశారు, మీరే అసలైనదన్నారు! ఇప్పుడు మాట మారిస్తే సంతలో ఎవరు నమ్ముతారు? అసలు… అసలు మీరు దేన్ని చూశారండీ? స్టాంపు తిరగేసి పట్టుకుని ఎరుపు బాగుందన్నారు! మీకు కళ్ళు కనపడవు!"

తింగ్‌ఫాంగ్ సూయున్ నిలబడ్డ వైపు ఒకసారి మొహం తిప్పాడు. దాచుకున్నదాన్ని బల్ల మీద పెట్టే ముందు మనిషి ఆగినట్టు ఆగాడు.

"అవునబ్బాయ్. కనపడవు," అన్నాడు. "వెళ్ళి చెప్పుకో. కానీ మొత్తం చెప్పు. గుడ్డివాడి చేతిలో దొంగసరుకు పెట్టానని, వాడి వేళ్ళు పట్టేశాయని కూడా చెప్పు."

జిలియాంగ్ లేచాడు. తలుపు దాకా వెళ్ళాడు. వెళ్ళలేదు. అక్కడే నిలబడి, గోడకేసి చూస్తూ అన్నాడు.

"దాన్ని నేను చేయించలేదు. మా నాన్న కొన్నాడు. పోయే ముందు ఏడాది. మీ స్టాంపుకు జత అని మురిసిపోయి, దానికి ఎంత పోశాడో… అప్పటికి ఆయనకూ చూపు లేదు. అమ్మినవాడికి తెలుసు. నాన్నకే ఎవరూ చెప్పలేదు. ఎవడో ఒకడి దగ్గర ఆ డబ్బు రాబట్టాలనిపించింది."

"నా దగ్గరికి తీసుకురాలేదేం మీ నాన్న?"

"సిగ్గు. చూపు పోయిందని కె తింగ్‌ఫాంగ్‌కు తెలిస్తే ఎలా, అనేవాడు."

తింగ్‌ఫాంగ్ చిన్నగా నవ్వాడు. ఆ నవ్వులో నీళ్ళున్నాయి. "ఇద్దరు ముసలి వెధవలం. వారంవారం ఎదురెదురుగా కూర్చుని టీ తాగాం. ఒకడి మొహం ఇంకొకడికి కనపడనే లేదన్నమాట."

జిలియాంగ్ చేతి వెనకతో కళ్ళు తుడుచుకున్నాడు. తిరిగొచ్చి, లోపలి జేబులోంచి అసలు స్టాంపు తీసి తింగ్‌ఫాంగ్ వేళ్ళ మధ్య పెట్టాడు. పొట్టి పన్ను దగ్గర వేలు ఆగింది. ఈసారి వెనక్కి వెళ్ళలేదు.

"ఇందాక అనుకున్న ధరే. దానికి తక్కువా లేదు, ఎక్కువా లేదు," అన్నాడు తింగ్‌ఫాంగ్. "కానీ ఆ రెండోదాన్ని ఇక్కడ వదిలెయ్. వెనక 'నకిలీ' అని రాసి పెడతాం. ఇంకో ముసలాడి ఇంటికి పోకూడదు."

సూయున్ పెన్సిలు తీసుకుంది. ముక్కు ఆనించి, చొక్కా జేబు మీద పేరు కుట్టినంత పొందిగ్గా రాసింది. జిలియాంగ్ కప్పులో టీ చల్లారిపోయింది. అయినా పూర్తిగా తాగి, వంగి దణ్ణం పెట్టి వెళ్ళాడు.

తలుపు మూసుకుంది.

"ఎప్పట్నుంచి తెలుసు నీకు?" అన్నాడు తింగ్‌ఫాంగ్.

"ఏది?"

"నాటకాలాడకు."

"నిరుడు కొత్త సంవత్సరం భోజనాల దగ్గర, నా జుట్టు నల్లగా నిగనిగలాడుతోందన్నావు. నేను రంగు వేసుకోవడం మానేసి అప్పటికి చాలా రోజులైంది. చేప ముక్క నోట్లో ఉండగానే మీ చెల్లెలికి పొలమారింది."

తింగ్‌ఫాంగ్ చెవులు ఎర్రబడ్డాయి. "మరి చెప్పలేదేం?"

"మళ్ళీ ఎప్పుడు పొగుడుతావో ఏమోనని."

అతను పెద్దగా నవ్వాడు. చాలా రోజుల తర్వాత విన్న నవ్వు. నవ్వు తగ్గాక గొంతు తగ్గించి అడిగాడు. "ఇకనుంచి నువ్వు పక్కన కూర్చుంటావా? వేళ్ళు నావి, కళ్ళు నీవి. వచ్చేవాళ్ళు వస్తారు. రానివాళ్ళు పోతారు."

"జీతమెంత?"

"కుట్టు మిషను అప్పుడే ఇచ్చాగా."

"తుప్పు పట్టి పాత సామాన్లవాడికి పోయింది," అంది సూయున్. అంటూనే కుర్చీ లాక్కుని అతని భుజానికి భుజం ఆనేలా కూర్చుంది.

తింగ్‌ఫాంగ్ స్టాంపును భూతద్దం కింద ఆమె ముందుకు జరిపాడు. "ఇప్పుడు నిజం చెప్పు. ఎరుపు నిలబడిందా?"

ఆమె వంగి చూసింది. స్టాంపుల గురించి ఏం చెప్పాలో ఆమెకు తెలియదు. తెలిసిన మాటల్లోనే వెతుక్కుంది.

"మా అమ్మ పండక్కి తాబేలు అచ్చులో చేసే ఎర్ర పిండివంట గుర్తుందా? వేడివేడిగా ఉన్నప్పటి రంగు కాదు. మర్నాడు పొద్దున, అరటాకు మీద ఒక్కటే మిగిలేది చూడు. నువ్వు దొంగతనంగా తినేవాడివి. ఆ ఎరుపు."

తింగ్‌ఫాంగ్ కళ్ళు మూసుకున్నాడు. "ఆ," అన్నాడు. "ఆ. కనిపించింది."

స్టాంపు అందుకుని మొహం దగ్గరికి తెచ్చుకున్నాడు.

"కనిపించిందట! మళ్ళీ తిరగేసి పట్టుకున్నావు," అంటూ సూయున్ దాన్ని తిప్పి అతని వేళ్ళ మధ్య పెట్టింది.