ముందు లేచేదెవరు

మా అన్న పోయి రెండేళ్ళయినా భోజనాల బల్ల దగ్గర పెత్తనం మా వదిన ఆక్టేవియాదే. ఇంటి కప్పు కారడం ఆగింది మాత్రం అమెరికా నుంచి వచ్చిన కోడలు మినర్వా డబ్బుతో. ఆమె తండ్రి సిన్సినాటిలో సబ్బుల వ్యాపారి. ఆ సబ్బుతోనే మన వంశానికి మురికి వదిలిందని నేనంటే, వదిన వారం రోజులు నాతో మాట్లాడలేదు. ఆ వారం నాకు హాయిగా గడిచింది.

మినర్వాకు కావలసింది ఒక్కటే. "హ్యూబర్ట్ ఒక్కసారి వాళ్ళమ్మ ముందు నా పక్షాన నిలబడితే చాలు, అత్తయ్యా" అనేది నాతో. ఆమె మొగుడు, మా మేనల్లుడు హ్యూబర్ట్ పేరుకు ఎర్ల్ గారే, తండ్రి బిరుదూ ఎస్టేటూ వాడివే, తల్లి ముందు మాత్రం పిల్లి. అయినా వేట రోజుల విందుకు మాటిచ్చాడు: "ఈ పూట ఇంటావిడ స్థానం నీదే, మిన్నీ."

మా ఇళ్ళలో విందు ముగిశాక ముందు లేచేది ఇంటావిడే. ఆమె వెంట ఆడవాళ్ళు లేచి పక్క గదికి వెళ్తారు. వాళ్ళు గుమ్మం దాటేదాకా మగవాళ్ళు నిలబడతారు. ఇంటావిడ లేవకపోతే ఎవరూ కదలరు.

పళ్ళు తినడం అయిపోయింది. పక్కనున్న ముసలి బిషప్ తన కీళ్ళనొప్పుల పురాణం విప్పితే, అడ్డు తగలకూడదని మినర్వా ఓపిగ్గా వింటోంది. అదను చూసి వదిన లేచింది.

"పాపం, పిల్లకింకా అలవాటు కాలేదు. పదండమ్మా!"

ఆడవాళ్ళెవరూ కదల్లేదు. అందరి కళ్ళూ మినర్వా మీదే. ఆమె నవ్వుతూ కూర్చునే ఉంది. ఇంతలో బల్ల అటు చివర కుర్చీ కిర్రుమంది. హ్యూబర్ట్ నిలబడ్డాడు. వాణ్ణి చూసి మగవాళ్ళంతా లేచారు.

"నువ్వెందుకు లేచావు, హ్యూబర్ట్?" అంది మినర్వా మెల్లగా.

"అదేంటి మిన్నీ? అమ్మ లేచింది కదా!"

వాడి మాటలో కపటం లేదు, అదే మరీ బాధ.

మినర్వా లేచి వదిన దగ్గరికి వెళ్ళింది. "పదండి అత్తగారూ, మీరే ముందు" అంది. వదిన నెమలిలా నడిచింది.

హ్యూబర్ట్ పరుగున వచ్చి తలుపు తీసి పట్టుకున్నాడు. "కోపం లేదుగా?" అన్నాడు గుసగుసగా.

"థాంక్యూ" అంది మినర్వా, రోజూ తలుపు తీసే నౌకరుతో అన్నంత మర్యాదగా.

వాడి మొహం తేలికపడింది. గొడవ తప్పిందనుకున్నాడు, వెర్రివెధవ.