రేవులో నాలుగు రోజులు

"ఆ దీవి దగ్గర షిప్పు నాలుగు రోజులు ఆగుతుందట. ఆ నాలుగు రోజులూ నువ్వు అమ్మ దగ్గర ఉండిపోతే మేమంతా నిశ్చింతగా తిరిగొస్తాం," అన్నారు మావారు. అప్పుడు నేను ఆరిన బట్టలు మడతపెడుతున్నాను. చేతిలో ఉన్నది ఆయన చొక్కానే. ఆ గొంతులో ఆజ్ఞ లేదు, బతిమాలడమూ లేదు. ఫ్యాను కాస్త తగ్గించమన్నట్టు చెప్పేసి, ఫోన్లో ఆ దీవి ఫోటోలు చూసుకోవడంలో పడిపోయారు. నేను "ఊఁ" అన్నాను. ఆ "ఊఁ" నా నోట్లో ఎప్పుడూ సిద్ధంగానే ఉంటుంది. చొక్కా మడిచి దొంతర మీద పెట్టాక గానీ ఆయన అన్నదేమిటో నాకు ఎక్కలేదు.

షిప్పు ప్రయాణం గురించి ఇంట్లో అప్పటికి నెల రోజులుగా మాటలు నడుస్తున్నాయి. మేమిద్దరం, తొమ్మిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి, మా అత్తయ్య, ఆయన అక్కా బావగారూ కలిసి వెళ్ళాలని అనుకున్నాం. నిరుడు అత్తయ్య స్నానాల గదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నారు. ఆపరేషన్ అయ్యాక వాకర్ పట్టుకుని ఈ గదిలోంచి ఆ గదిలోకి మెల్లగా నడుస్తారు, అంతే. ఆ దీవిలో రేవు దాటగానే ఊరంతా ఎగుడుదిగుడు మెట్లేనట. కాళ్ళ బాధ ఉన్నవాళ్ళు దిగకుండా షిప్పులోనే ఉంటే మంచిదని ట్రావెల్స్ వాళ్ళు ముందే చెప్పారు. "అమ్మ సముద్రం చూడాలని ఎంత ఆశపడుతోందో నీకు తెలీదు. దిగకపోతేనేం, పైనుంచి చూస్తుంది," అని ఆయన అన్నప్పుడు నాకు ఆయన మీద ముచ్చటేసింది కూడా. పైనుంచి చూసేది అత్తయ్య ఒక్కరే కాదని అప్పుడు తట్టలేదు.

నిజం చెప్పాలంటే ఆ ప్రయాణంలో నాకు కావలసింది ఆ దీవే. షిప్పులో ఈత కొలనులూ, పాటలూ, పెద్ద పెద్ద భోజనశాలలూ ఉంటాయట, వాటి మీద నాకు మనసు లేదు. ఆ ఫోటోల్లో రేవును ఆనుకుని ఒక సన్నటి వీధి ఉంది. ఒక మంగలి దుకాణం, దాని ముందు ఖాళీ కుర్చీ, పై అంతస్తులో దండెం మీద ఎవరివో దుప్పట్లు. అవి నేను ఉతకక్కర్లేని దుప్పట్లు. ఆ వీధిలో నడవాలని, ఒక పండు కొనుక్కుని ఎవరికీ సగం పెట్టకుండా తింటూ నడవాలని, దారి తప్పితే తప్పాలని అనిపించింది. ఏ ఊరికైనా పొద్దున వెళ్ళి సాయంత్రానికి తిరిగొచ్చేస్తే అది చూడటం అవుతుంది. నాలుగు రోజులైతే ఉండటం. రెండో రోజుకి పండ్లమ్మే ఆమె నన్ను గుర్తుపడుతుంది. మూడో రోజు ఏ మలుపు దగ్గర ఎండ పడుతుందో నాకు తెలిసిపోతుంది. ఇదంతా నేను ఎవరికీ చెప్పలేదు. చెబితే నవ్వుతారని కాదు, విని మరిచిపోతారని.

మేం ఎక్కడికీ వెళ్ళలేదని కాదు. చాలా చోట్లకి వెళ్ళాం. కొండ మీద కోటకి వెళ్ళినప్పుడు పిల్ల చంటిది, ఎండకి ఒప్పుకోదని కింద చెట్టు నీడలో నేను ఉండిపోయాను. జలపాతానికి వెళ్ళినప్పుడు అందరి చెప్పులూ సంచులూ ఎవరో ఒకరు చూసుకోవాలి కాబట్టి సిమెంటు బల్ల మీద నేను కూర్చున్నాను. ఆ జలపాతం నాకు చప్పుడుగానే తెలుసు. తడిసిన జుట్టుతో వాళ్ళు తిరిగొచ్చి, "అబ్బ, ఏముందనుకున్నావ్! నువ్వూ రావాల్సింది," అన్నారు. సంచులు ఒకరికొకరు అందించుకుంటూ అన్నారా మాట. నాకు ఒళ్ళు మండలేదు. అందరికీ పొడి తువ్వాళ్ళు తీసిచ్చాను.

నేను పనిచేసేది ఒక ఎక్స్-రే సెంటర్లో. ఊపిరి బిగపట్టండి, ఇప్పుడు వదలండి అని పొద్దుట్నుంచి సాయంత్రం దాకా జనానికి చెబుతుంటాను. సెలవు కాగితం ఇచ్చినప్పుడు మా డాక్టరుగారు కళ్ళజోడు పైనుంచి చూశారు. "మళ్ళీ సెలవా మేడమ్? మీ ఆడవాళ్ళతో ఇదే చిక్కు, నెల తిరక్కుండా ఇంట్లో ఏదో ఒకటి." ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. అత్తయ్య తుంటికి సెలవు, అమ్మాయి కామెర్లకి సెలవు, ఆయన కంటి ఆపరేషన్‌కి సెలవు. సెలవు పెట్టిన ప్రతిసారీ సెంటర్లో కంటే రెట్టింపు చాకిరీ చేశాను. ఇది షిప్పు ప్రయాణానికండీ అన్నాను. "షిప్పా! అదృష్టవంతులు. కాలు మీద కాలేసుకుని కూర్చోవడమే ఇక," అని సంతకం పెట్టారు. నేనూ నవ్వాను. అక్కడా ఒకరి మాత్రలూ, ఒకరి స్నానాలూ చూసుకునే డ్యూటీయే వేశారని ఆయనకేం చెబుతాను?

అయినా సర్దుకుపోదామనే చూశాను. నా మనసుని మలచడం నాకు బాగా వచ్చిన విద్య. షిప్పు మీద నుంచి ఆ వీధి కనిపిస్తుందిలే అనుకున్నాను. ఒకరోజు మా అమ్మాయి నా పక్కన చేరి ఫోటోలు చూపిస్తూ, ఇక్కడ నాన్నా నేనూ ఇది ఎక్కుతాం, అత్తయ్యతో కలిసి అక్కడ షాపింగ్ చేస్తాం అని లెక్కేసుకుంటోంది. వాళ్ళ నాన్న అక్కని అది అత్తయ్య అంటుంది. "మరి నేను?" అన్నాను, సరదాగానే. అది తలెత్తి నిజంగానే ఆశ్చర్యపోయింది.

"నీకు తిరగడం ఇష్టం ఉండదుగా అమ్మా? ఎక్కడికెళ్ళినా నువ్వు కూర్చునే ఉంటావు. నీకదే హాయి అనుకున్నా."

మనసు చివుక్కుమంది అంటే చాలదు. పిల్ల వెటకారమాడలేదు. తను పుట్టినప్పట్నుంచీ చూసింది చూసినట్టు చెప్పింది. ఇంకొన్నేళ్ళకి అదీ ఎక్కడో ఒక సిమెంటు బల్ల మీద ఎవరివో సంచులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటుంది. పైగా ఇది మా అమ్మ పోలిక, మా ఇద్దరికీ కూర్చోవడమే ఇష్టం అని చెప్పుకుంటుంది. ఆ ఊహకి నాకు భయమేసింది. ఇన్నేళ్ళూ నేను ఊరుకున్నది మంచితనం అనుకున్నాను. నా కూతురి కళ్ళకి అది అభిరుచిగా కనిపించింది.

ఆ సాయంత్రమే ఆయన్ని అడిగాను. "నాలుగు రోజులున్నాయి కదా, నలుగురు పెద్దవాళ్ళం ఉన్నాం. రోజుకొకరం అత్తయ్య దగ్గర ఉందాం. నాకు మూడు రోజులు దిగడానికి వీలవుతుంది, మీకూ మూడు రోజులే."

ఆయన పెదవి విరిచారు. "ఇంత ఖర్చుపెట్టుకుని వెళ్ళేది గదిలో కూర్చోవడానికా? ఒక రోజు పోతే ప్రయాణం రుచే పోతుంది. అక్కకి చూస్తే ఏడాదికోసారి గానీ సెలవు దొరకదు పాపం."

ఒక రోజు పోతే ఆయనకి ప్రయాణం రుచి పోతుంది. నాకు నాలుగు రోజులూ పోతే ఏం పోతుందో ఆయనకి తోచలేదు. కావాలని అన్న మాట కాదు కాబట్టే దానికి ఎదురు చెప్పడం కష్టం. ఆ మర్నాడు వదిన ఫోన్ చేసింది. నేను వంతుల సంగతి ఎత్తినట్టు తెలిసిపోయిందని మొదటి మాటకే అర్థమైంది. "నువ్వుంటే మాకు బెంగే లేదే. అమ్మకి నీ చెయ్యి అలవాటైపోయింది. కన్నకూతుర్ని, నేను పట్టుకున్నా నొప్పంటుంది. నీకున్న ఓపిక మాకెక్కడిది?" అంది. ఇన్నాళ్ళూ ఆ మాటకి పొంగిపోయి మునగచెట్టు ఎక్కి కూర్చున్నదాన్నే నేను. ఈసారి ఎక్కలేదు.

ఆదివారం అత్తయ్యకి తలస్నానం చేయిస్తున్నాను. ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని, ఒక చేత్తో గోడకున్న కమ్మీ పట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని ఉన్నారావిడ. నా పెళ్ళయిన కొత్తల్లో ఈవిడ నోటికి జడిసి నేను వంటింట్లో గిన్నె చప్పుడు కూడా కానిచ్చేదాన్ని కాదు. ఇప్పుడు ఆ వీపు మీద ఎముకలు నాకు ఫిల్ములో కనిపించినంత స్పష్టంగా తెలుసు. నురగ కడుగుతుంటే ఉన్నట్టుండి అన్నారు:

"నీ సరదా పాడుచెయ్యడం ఎందుకని ఒప్పుకున్నాను గానీ, అమ్మాయ్, నాకెందుకే ఈ వయసులో షిప్పులు?"

"నా సరదా ఏమిటి అత్తయ్యా?"

"నేను రాకపోతే నువ్వూ రానన్నావటగా. దాన్ని బాధపెట్టకమ్మా, ఒప్పుకో అని నీ మొగుడు పదిసార్లు చెప్పాడు."

నా చేతిలో చెంబు ఆగిపోయింది. "మీరు సముద్రం చూడాలని ఆశపడుతున్నారన్నారు నాతో."

"సముద్రమా! నాకు పడవెక్కితేనే కడుపులో తిప్పుతుంది. పైగా ఆ ఊగే గదిలో ఈ వాకరొకటా!"

ఇద్దరం నవ్వాం. ఆవిడ నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయారు. నేనూ ఆగాను. ఆయన్ని దుర్మార్గుడనడానికి నాకు నోరు రాదు. తల్లినీ పెళ్ళాన్నీ షిప్పెక్కించి తీసుకెళ్ళాడని నలుగురూ అనుకోవాలి, ఆ మంచిపేరు ఆయనకి కావాలి. దానికోసం ఒకరి పేరు చెప్పి ఒకర్ని ఒప్పించారు. కావాలా అని మాత్రం ఇద్దర్లో ఎవరినీ అడగలేదు. తువ్వాలుతో ఆవిడ జుట్టు అవసరానికి మించి గట్టిగా తుడిచాను. అది కోపమే. ఇంకో పేరు పెట్టను.

భోజనాల దగ్గర అత్తయ్యే చెప్పేశారు, నేను రానురా అని. ఆయన ఒక్క క్షణం చిన్నబుచ్చుకున్నారు. వెంటనే మొహం తేటపడింది.

"పోనీలే అమ్మా, నీకు కష్టమైతే వద్దు. మీరిద్దరూ ఇంట్లో హాయిగా ఉండండి. దానికీ కాస్త విశ్రాంతి దొరుకుతుంది. రేపు ట్రావెల్స్ వాళ్ళకి చెప్పి రెండు పేర్లూ తీయించేస్తాను."

ఆ మాటతో షిప్పు కూడా పోయింది. ఆవిడ వస్తే ఆవిడతో గదిలో, రాకపోతే ఆవిడతో ఇంట్లో. అత్తయ్య నా వంక చూశారు. నేను అమ్మాయి పళ్ళెంలో వడ్డిస్తూ ఉండిపోయాను.

మర్నాడు పొద్దున మాత్రలు ఇవ్వడానికి వెళితే ఆవిడ మంచినీళ్ళ గ్లాసు అందుకోకుండా నా మొహంలోకి చూస్తూ అడిగారు. "నీకు వెళ్ళాలని ఉందా?"

నెల రోజుల నుంచీ ఆ ఇంట్లో షిప్పు తప్ప మాట లేదు. ఆ ఒక్క ముక్కా నన్ను ఎవరూ అడగలేదు. చివరికి అడిగింది నన్ను అస్తమానం సాధించిన ఈవిడే. సర్దిచెప్పే మాటలన్నీ పెదవుల దాకా వచ్చాయి. వాటినన్నిటినీ తోసుకుని "ఉంది," అన్న మాట బయటికొచ్చింది.

"అయితే వెళ్ళు."

"మీకెలా మరి?"

"స్నానానికీ బట్టలకీ ఆపరేషనప్పుడు వచ్చిన ఆయాని రెండు పూటలా రమ్మందాం. మిగతాదంతా..." అని ఆగిపోయారు.

మిగతాదంటే టీ, తిండి, మాత్రలు, చీకట్లో పిలిస్తే లేచి రావడం. అవి ఎవరు చెయ్యాలో మా ఇద్దరికీ తెలుసు. ఆ పేరు ఆవిడ నోరు విడిచి అనలేకపోయారు, నేనూ అనలేకపోయాను. కన్నకొడుకు చేత చేయించుకోవాలంటే ఆవిడకి సిగ్గు. ఆయనకి పని చెప్పడం నాకు అలవాటు లేదు. గ్లాసు అందుకుని, "వాడు నా దగ్గర స్తిమితంగా కూర్చుని ఎన్నాళ్ళయిందో," అని మాత్రలు నోట్లో వేసుకున్నారు.

ఆ సాయంత్రం నేను సెంటర్ నుంచి వచ్చి చెప్పులు విప్పుతుంటే ఆయన హాల్లోంచి ఫోన్ చాచారు. "ట్రావెల్స్ అమ్మాయి. ఎవరి టిక్కెట్టు వాళ్ళే రద్దు చెయ్యమనాలట, అదో రూలు. అమ్మ చెప్పేసింది. నువ్వూ సరేనని ఒక్క మాట చెప్పు."

ఫోన్ తీసుకున్నాను. ఆ అమ్మాయి మర్యాదగా అడిగింది. "మేడమ్, రెండు టిక్కెట్లు రద్దు చెయ్యమన్నారు సార్. పెద్దావిడది అయిపోయింది. రెండోది మీది. చేసేయమంటారా?"

"రెండోది నాది కాదండీ. నేనూ మా అమ్మాయీ వస్తున్నాం," అన్నాను. నా గొంతు మామూలుగానే ఉంది, నాకే వింతగా అనిపించింది. "రద్దు చెయ్యాల్సింది మావారిది."

"అయితే సార్ చెప్పాలి మేడమ్."

"ఇక్కడే ఉన్నారు, ఇస్తున్నాను."

ఫోన్ ఆయన చేతికి తిరిగిచ్చాను. లోపలి గదిలో వాకర్ చప్పుడు గుమ్మం దాకా వచ్చి ఆగింది. మా అమ్మాయి పుస్తకంలోంచి తలెత్తి చూస్తోంది. "సార్? సార్, ఉన్నారా?" అంటోంది ఫోన్లో ఆ అమ్మాయి. ఆయన దాన్ని చెవి దగ్గర పెట్టుకోలేదు. నా వైపే చూస్తూ నెమ్మదిగా అన్నారు.

"మరి అమ్మని ఎవరు చూసుకుంటారు?"

ఇన్నేళ్ళ కాపురంలో ఆ ప్రశ్న ఆయన నోటి నుంచి రావడం అదే మొదటిసారి.